చీకటిగా ఉండవలసిన గడి

పెట్టె మూత మూసి, టైమరు అరగంటకి తిప్పి, ఆమె స్టూలు మీద కూలబడింది. ఇక ఈ అరగంటా చేతులకి పనిలేదు. పెట్టె అడుగున తడిపిన అద్దుడు కాగితం, దాని మీద గాజు స్లైడు, స్లైడు నిండా కందిగింజంత గుండ్రటి గడులు, ఒక్కో గడిలో కంటికి కనపడని కణాలు చాపలా పరుచుకుని ఉన్నాయి, వాటి మీద రక్తంలోంచి తీసిన లేతపసుపు సీరం చుక్క. మనిషి ఒంట్లో తన కణాల మీద తనే తిరగబడే యాంటీబాడీలుంటే, ఈ అరగంటలో అవి వెళ్ళి గడిలోని కణాలకి అతుక్కుంటాయి, లేకపోతే కడిగినప్పుడు చుక్క వచ్చిన దారినే పోతుంది. తర్వాత రంగు వేసి ఇంకో అరగంట, మళ్ళీ కడగడం, ఆపైన చీకటి చేసుకుని మైక్రోస్కోపులో చూడడం. అతుక్కున్నవి ఆకుపచ్చగా వెలుగుతాయి, మిగతావి చీకటిగా ఉండిపోతాయి. ఇంతే పని. పెళ్ళయిన కొత్తలో చేరింది, అప్పటినుంచీ ఇదే పని. ఈ పని చేస్తూ ఆమె రాత్రికి కూరేం వండాలో ఆలోచించగలదు, మొగుడితో పొద్దున తెగని గొడవ మనసులో కొనసాగించి తనే గెలిచేయగలదు. ఇవాళ మాత్రం ఆలోచన ఆ పెట్టె మూత దాటి పోనంటోంది. ఎందుకంటే పొద్దున చూసిన స్లైడులో, ఏం జరిగినా చీకటిగా ఉండి తీరాల్సిన గడి, భేషుగ్గా వెలిగింది. ఆ గడిలో వేసింది ఆమె రక్తం.

రోగిష్టిదని కాదు. రోగం లేదనే వేస్తారు. ప్రతి స్లైడులోనూ పేషెంట్లవి కాక రెండు గడులు ఎక్కువ పెట్టాలి, ఒకటి తప్పకుండా వెలగాల్సింది, ఒకటి తప్పకుండా చీకటిగా ఉండాల్సింది. ఆ రెండూ చెప్పినమాట వింటేనే మధ్యలో ఉన్న పేషెంట్ల మాట నమ్మొచ్చు. వెలగాల్సింది కంపెనీవాళ్ళ సీసాలో వస్తుంది. చీకటిది మాత్రం ఈ ల్యాబు సొంత సరుకు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎవరైనా రక్తమివ్వాలి అని పెద్ద డాక్టరుగారు అడిగిన రోజున అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, ఒకరికి రక్తం తక్కువట, ఒకరికి సూదంటే కళ్ళు తిరుగుతాయట, ఒకతనికి ఇంట్లో అడగాలట, మీసాలొచ్చినవాడు ఇంట్లో అడగాలట. నాది తీసుకోండి సార్, దున్నపోతులా ఉన్నాను అని ఆమె జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. అది మొదలు ఆమె రక్తమే ఈ ఊరి జనానికి కొలబద్ద. దానికంటే వెలిగినవాళ్ళకి తేడా ఉన్నట్టు, దానిలాగే ఉన్నవాళ్ళు హాయిగా ఇంటికెళ్ళి పడుకోవచ్చన్నట్టు. కుర్రకారంతా ఆమెని చీకటిపిన్ని అంటారు. పిన్ని సెలవుపెట్టినా పిన్ని రక్తం డ్యూటీలోనే ఉంటుంది అని నవ్వుతారు. ఆమెకి ఆ నవ్వు ఇష్టం. పైకి కసురుతుంది గానీ, తన పేరు చెప్పుకుని ఇంతమంది రోగాలు తేలుతున్నాయంటే ఎవరికుండదు కాస్త గర్వం.

అందుకే పొద్దున ఆ వెలుగు చూసి ఆమెకి ముందు కోపం వచ్చింది. భయం కాదు, కోపం, పాలు పొంగిపోయినప్పుడు వచ్చేలాంటి కోపం. ఏ కొత్తపిల్ల కెలికిందో అనుకుంది. కానీ స్లైడు పెట్టింది తనే. పక్క గడిలో చుక్క పొర్లి ఇందులోకి వచ్చిందేమో. వెలగాల్సిన సీసాలో ముంచిన పిపెట్టు మొన మార్చకుండా దీన్లో ముంచిందేమో. సరిగ్గా కడగలేదేమో. కడిగే ఉప్పునీళ్ళు పాతబడ్డాయేమో. ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చూసుకుంది, ఎక్కడా చెయ్యి తప్పినట్టు లేదు, ఎప్పుడూ తన పనిలో తప్పు పడితే కయ్యానికి కాలు దువ్వే మనిషి, ఇవాళ దేవుడా దేవుడా ఒక్క తప్పు చేసి ఉండనీ అని వెతుక్కుంది. దొరకలేదు. దొరక్కపోతే చెయ్యాల్సింది ఒకటే, మళ్ళీ పెట్టడం. సీలు తియ్యని ట్యూబు తెచ్చి, కొత్త మొనలు తీసి, కొత్త ఉప్పునీళ్ళు కలిపి, మొదటి గడిలో పాత సీరం, పక్కనే కొత్త సీరం. ఆ కొత్తదాన్నే సగానికి సగం పలచన చేసి దాని పక్క గడిలో, మళ్ళీ సగం చేసి ఆ పక్కది, మళ్ళీ సగం. కాస్త పలచన చెయ్యగానే ఆరిపోయే వెలుగు పెద్ద లెక్కలోది కాదు. ఎంత నీళ్ళు కలిపినా ఆరకుండా నిలబడే వెలుగే కొంప ముంచేది. పాత సీరం, కొత్త సీరం, రెండూ ఆమెవే.

గదిలో ఫ్రిజ్ గురగురమంటోంది. తలుపుకి అడ్డంగా వేలాడే నల్ల తెర కింద అంగుళం సందులోంచి వరండా వెలుతురు గీతలా పడుతోంది, ఆ గీత మీంచి ఎవరివో చెప్పులు ఇటు పోయాయి, అటు పోయాయి. తోపుడు బండి చక్రం ఒకటి కీచుమంటూ వెళ్ళింది, దానికి నూనె పెట్టించమని ఎన్నిసార్లు చెప్పింది. చెప్పగా చెప్పగా మనిషికి ఆ కీచు అలవాటైపోతుంది, ఇప్పుడు అది వినపడకపోతేనే ఏదో వెలితి. అలవాటైపోవడం ఎంత సులువు. ఆమె కుడిచేతి వేళ్ళు ఒళ్ళో ముడిచి చూసుకుంది. ఇప్పుడు ముడుచుకుంటాయి, మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి. పొద్దున్నే మాట వేరు. పొద్దున్నే ఆ వేళ్ళు వేరెవరివో అరువు తెచ్చుకున్నట్టుంటాయి, టూత్‌పేస్టు మూత దగ్గరే మొండికేస్తాయి, వేడినీళ్ళలో కాసేపు పెట్టి బుజ్జగిస్తే గానీ దారికి రావు. పని చేసే చేతులు కదా, రోజంతా బొటనవేలితో నొక్కి నొక్కి చుక్కలు వెయ్యడమాయె, అరగవూ. అలాగే అనుకుంది. ఎవరికైనా అలాగే ఉంటుంది ఈ వయసుకి అనుకుంది. ఏ వయసుకి? నలభై మూడు కూడా ఒక వయసేనా?

ఒకరోజు ఆయన, ఊళ్ళో బస్సు నడుపుతాడు, డ్యూటీ దిగి వచ్చి టీ తాగుతూ, “ఏంటి, చిన్నపిల్లలా గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటున్నావ్?” అన్నాడు. చలిగా ఉంది అంది. ఎండలు మండిపోతున్న రోజులు. ఆయన నవ్వి ఊరుకున్నాడు, పోనీలే పెళ్ళానికి బుద్ధి పుట్టిందనుకుని. అత్తగారు ఊరుకునే రకం కాదు. ఆవిడకి ఒక కన్ను సరిగ్గా కనపడదు, రెండో కన్నుతో మాత్రం ఇంట్లో చీమ కుంటినా పట్టేస్తుంది. “ఏమ్మా, నీ చేతులకేమైంది? గిన్నె తోమి బోర్లించే చప్పుడు మారింది,” అంది. చప్పుడు మారిందట, ఎక్కడైనా విన్నామా. ఆమెకి నవ్వొచ్చింది, ఆ నవ్వుతోనే అనేసింది. “అత్తయ్యా, రోజూ నా రక్తం నేనే పరీక్ష చేసుకుంటున్నా. నాకేమైనా వస్తే లోకంలో అందరికంటే ముందు తెలిసేది నాకే.” ఆ మాటతో ఆవిడ నోరు మూతపడింది. సరేలే తల్లీ, చదువుకున్నదానివి, అని చేట పట్టుకుని అవతలికి పోయింది. ఎంత ధీమాగా అంది! అబద్ధమని కూడా కాదు, నమ్మి అంది. ఒళ్ళు బరువెక్కి మంచం మీంచి లేవలేని రోజుల్లో కూడా ల్యాబుకొచ్చి, స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టి, చిట్టచివరి గడిలోకి చూసి, నల్లగా, నున్నగా, ఏమీ లేకుండా ఉన్న తన గడిని చూసి, హమ్మయ్య నాకేం లేదు, ఊరికే అలసట, అనుకుని పనిలో పడేది.

టైమరు మోగింది. ఆమె ఉలిక్కిపడి లేచి, లేవగానే మోకాలు చిరాకు పడితే దాన్ని లెక్క చెయ్యకుండా, పెట్టె తీసింది. స్లైడుని ఏటవాలుగా పట్టుకుని ఉప్పునీళ్ళు నెమ్మదిగా పారించాలి, గడుల మీద నేరుగా పొయ్యకూడదు, కణాలు లేచిపోతాయి, పసిపిల్ల తలకి నీళ్ళు పోసినట్టు పొయ్యాలి అని కొత్తవాళ్ళకి నేర్పుతుంది. తర్వాత గాజు జాడీలో ముంచి ఉంచడం, నీళ్ళు మార్చి మళ్ళీ ముంచడం. జాడీలో స్లైడు నిలబడి ఉంది. అతుక్కోనివి పోతున్నాయి, అతుక్కున్నవి పోవు, ఇక ఎంత కడిగినా పోవు. ఏది జరగాలో అది ఇప్పటికే జరిగిపోయింది, తను ఇంకా చూడలేదు, అంతే. ఆ మాట అనుకోగానే ఆమెకి చిత్రంగా కాస్త నిమ్మళించింది. పరీక్షహాల్లో కాగితం ఇచ్చేసి బయటికొచ్చాక ఉండే నిమ్మళం అది. స్లైడు తుడిచి, వెలిగే రంగు ఒక్కో చుక్కా వేసి, దాని మీద వెలుతురు పడకుండా మూత పెట్టి, టైమరు తిప్పింది. ఇంకో అరగంట.

కొత్త సీరం, పాత సీరం. పాత సీరం, కొత్త సీరం. పొద్దున్నించీ ఆ రెండు మాటలూ బుర్రలో తిరుగుతున్నాయి గానీ వాటి మధ్యలో ఏదో చిక్కుకుని ఉంది, అది ఇప్పుడు, వట్టి చేతులతో కూర్చున్నాక, ఊడి చేతిలోకొచ్చింది. పాత సీరం అంటే ఎప్పటిది? నాలుగేళ్ళ కిందట ఇచ్చిన రక్తం. పెద్ద సీసాడు తీసి, సీరం వేరుచేసి, చిటికెనవేలంత ట్యూబుల్లో పోసి, డీప్ ఫ్రీజరులో గడ్డకట్టించి పెట్టారు, పనిబడ్డప్పుడల్లా ఒక ట్యూబు కరిగించి వాడతారు. కరిగించేది తనే. ట్యూబు గుప్పిట్లో పట్టుకుని వెచ్చబెట్టేది తనే. అవి అయిపోవచ్చాయనే కదా మొన్న మళ్ళీ రక్తమిచ్చింది, ఆ కొత్తదాన్ని మొదటిసారి వేసింది ఇవాళ పొద్దున్నే. అంటే ఇన్నాళ్ళూ రోజూ పొద్దున్నే తను చూసుకుని హమ్మయ్య అనుకున్నది ఇవాళ్టి తనని కాదు. నాలుగేళ్ళ కిందటి తనని. పెళ్ళిఫొటో చూసుకుంటూ తలదువ్వుకున్నట్టు! ఆమె గట్టిగా నవ్వేసింది, చీకటిగదిలో ఒక్కతే, తలుపవతల ఎవరైనా విన్నా విననీ. ఈ సంగతి తనకి తెలియదా? తెలుసు. ఫ్రీజరు తాళం తన కొంగునే ఉంటుంది. ట్యూబు మీద తారీకు తన చేత్తోనే రాసింది. తెలిసి తెలిసి, వేళ్ళు కొయ్యబారిన ప్రతిరోజూ వచ్చి, ఆ గడ్డకట్టిన ఆరోగ్యాన్ని కరిగించి, చూసుకుని, ఊరట పడింది. బుద్ధి ఉన్నవాళ్ళు చేసే పనేనా? ఈ పొరపాటు వీధిలో పోయే మనిషి చెయ్యగలడా? ఒళ్ళు నొప్పైతే డాక్టరు దగ్గరికి పోతాడు, పాపం ఆ మనిషి దగ్గర ఫ్రీజరు లేదు.

నవ్వు అయిపోయాక ఒకమ్మాయి గుర్తొచ్చింది, బట్టలకొట్టులో పనిచేసే పిల్ల, సన్నగా, బుగ్గల మీద ఎర్రగా కందినట్టుండేది. చర్మం డాక్టరు లేపనం ఇచ్చాడట, కీళ్ళ డాక్టరు బలానికి మాత్రలిచ్చాడట, ఆ తర్వాత ఒకాయన నీకు ఒంట్లో ఏం లేదమ్మా మనసులోనే ఏదో ఉంది అన్నాడట. ఇంట్లో నాటకాలన్నారు. రిపోర్టు తీసుకోడానికొచ్చిన రోజున కిటికీ అవతల నిలబడి అడిగింది. “మేడమ్, ఇది ఉన్నట్టేనా?” ఉన్నట్టే, కానీ ఇదొక్కటే చూసి ఏమీ అనుకోకు, డాక్టరు చూసి, నువ్వు చెప్పింది విని, ఇంకా పరీక్షలు చేసి, అప్పుడు చెప్తారు, కంగారుపడకు, అని ఆమె ఎప్పుడూ చెప్పే మాటలు చెప్పింది. ఆ పిల్ల కంగారుపడలేదు. కిటికీ చట్టం పట్టుకుని నవ్వింది, నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “అంటే నేను నాటకమాడట్లేదు కదా మేడమ్,” అంది. అప్పుడు ఆమెకి వింతగా తోచింది, రోగమొచ్చిందంటే సంతోషించే మనిషిని చూడ్డం అదే మొదలు. ఇంటికెళ్ళి ఆయనకి చెప్పింది కూడా. ఇప్పుడు ఆ సంతోషం తనకేమైనా వస్తుందేమో అని లోపల వెతుక్కుంది. రాలేదు. ఆ పిల్లని ఎవరూ నమ్మలేదు, అందుకని ఆ కాగితం కావాల్సొచ్చింది. తనని నమ్మకపోయినవాళ్ళు ఎవరున్నారు? ఆయన అడిగాడు, అత్తగారు అడిగింది. అడిగినవాళ్ళందరి నోళ్ళూ మూయించింది తనే. నాటకం ఆడింది తనే, కాకపోతే తిరగేసి, ఏమీ లేదని.

ఇంకా దారి ఉంది. ఆ దారి కూడా కనిపిస్తూనే ఉంది, కనపడనట్టు నటించడమెందుకు. కొత్త సీరం బాగాలేదు, తీసినప్పుడే చెడింది, పారబోశాను, ఇంకెవరైనా రక్తమివ్వండర్రా అంటే సరి. అడిగేవాడు లేడు. ఆ ట్యూబులన్నీ ఎర్ర సంచీలో పడితే సాయంత్రానికి బండి వచ్చి తీసుకుపోతుంది. తను రోజూలాగే ఇంటికి పోతుంది, వేడినీళ్ళు ఉన్నాయి, నొప్పి మాత్రలున్నాయి, అత్తగారి మంచి కన్ను ఒక్కటే కదా. కొంతమందికి ఆరోగ్యంగా ఉన్నా కాస్త వెలుగుతుంది, నిజమే, ఫోన్లు చేసి ఏడ్చేవాళ్ళకి ఈ మాట ఎన్ని వందలసార్లు చెప్పలేదు తను. వయసు పైబడ్డవాళ్ళకి వెలుగుతుంది, ఊరికే వెలుగుతుంది, జీవితమంతా ఏ రోగమూ రాకుండా వెలుగుతూనే ఉంటారు. తనూ ఆ బాపతేమో. కాస్త వెలిగి ఆరిపోయే బాపతు. కొత్త సీరం వేసిన నాలుగు గడుల్లో రెండోదానికో మూడోదానికో ఆరిపోతే చాలు, ఎవరికీ చెప్పక్కర్లేదు, నాలుగోదాకా నిలబడితే... నిలబడితే ఏం చెయ్యాలో ఆమె ఆలోచించలేదు. తెర కింద చెప్పులు ఆగాయి, మళ్ళీ కదిలాయి. ఎవరో వరండాలో పెద్దగా ఫోన్లో మాట్లాడుతున్నారు, ఇంటికొచ్చేటప్పుడు పెరుగు తెమ్మని, మర్చిపోవద్దని, మర్చిపోతే గుమ్మం ఎక్కనివ్వనని. ఎంత హాయి మాటలు. పొద్దున బయల్దేరేటప్పుడు ఆయన తనకేదో తెమ్మన్నాడు, ఏంటది? సబ్బా? సబ్బే అయ్యుంటుంది. సబ్బు తీసుకెళ్ళాలి, ఏమైనా సరే.

టైమరు మోగితే ఈసారి ఉలిక్కిపడలేదు. కడిగింది, తుడిచింది, గ్లిజరిను చుక్క వేసి గాజుపలక మూసింది, గాలిబుడగ రాకుండా ఒక పక్కనుంచి వాల్చింది, ఇన్నిట్లో చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు, చూడవే నా చెయ్యి అని ఎవరికో చూపించాలనిపించింది. లైటు తీసేసింది. వెంటనే చూడకూడదు, కళ్ళు చీకటికి అలవాటు పడాలి, తొందరపడితే ఉన్న వెలుగు కూడా కనపడదు. కాసేపు అలా కూర్చుంది. తర్వాత కంటిని అద్దానికి ఆనించింది. మొదటి గడి, పాతది, చీకటి. ఏమీ లేదు, కణాల నీడలు తప్ప ఏమీ లేదు. బాగున్నావే తల్లీ, అనుకుంది ఆ నాలుగేళ్ళ కిందటి మనిషిని చూసి, అసూయ లేకుండానే. స్లైడు జరిపింది. ఆకుపచ్చ. నిండా, గడి చివరిదాకా, ఒక్కో కణం నడుమా ఇసుక చల్లినట్టు సన్నసన్నని మచ్చలు, ఒక్కోటీ మెరుస్తూ. జరిపింది. ఆకుపచ్చ. జరిపింది, ఆకుపచ్చే, కాస్త తగ్గింది. కొత్తదాని నాలుగో గడికి జరిపింది. మసకబారింది గానీ ఆరలేదు. కళ్ళు మూసి తెరిచి చూసింది. ఆరలేదు. ఇంతకాలంగా ఇలాంటివి వేలు చూసింది, ప్రతిసారీ పైకి చెప్పకూడని ఒక మాట అనుకునేది, ఎంత అందంగా ఉంటుందో ఈ పాడు వెలుగు అని. ఇప్పుడూ అదే అనుకుంది. సొంతదైనా అందంగానే ఉంది. అది ఆమెకి సిగ్గుగానూ, ఎందుకో ధైర్యంగానూ ఉంది.

ఏ స్లైడైనా ఇద్దరు చూడాలని ఇక్కడి పద్ధతి. మొదట చూసినవాళ్ళు నోరు విప్పకూడదు, రెండోవాళ్ళకి గడుల నంబర్లే గానీ పేర్లు తెలియకూడదు, ఇద్దరూ చూశాకే మాటలు. ఆ రెండో మనిషిని ల్యాబంతా కళ్ళజోడు అంటారు, సీసా అడుగుల్లాంటి అద్దాలు మరి. ఆమె కంటే పదేళ్ళు చిన్న, ఆమె దగ్గరే పని నేర్చుకుని, నేర్చుకున్న మర్నాటినుంచీ ఆమెతోనే వాదించేవాడు. ఆమె వెలుగుతోందన్న చివరి గడి అతనికి ఎప్పుడూ ఆరిపోయినట్టే కనపడుతుంది. నీకు ప్రాణం పోయినా వెలుగు కనపడదురా అబ్బాయ్ అని ఆమె, నీకు గోడ మీద సున్నం కూడా వెలుగుతుందక్కా అని అతనూ. ఆమె తెర తొలగించి పిలిచింది. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చాడు, మామూలుగానే, బయట క్యాంటీనువాడు టీలో నీళ్ళు కలపడం మానేసి నీళ్ళలో టీ కలుపుతున్నాడని చెప్పుకుంటూ. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, కాసేపు చీకట్లో కళ్ళు మూసుకు కూర్చుని, అద్దం మీదికి వంగాడు. ఆమె పక్కనే నిలబడింది. ఇంకా సమయముంది. అతనికి పేర్లు తెలియవు. ఎవరో పేషెంటుదిలే అంటే అదే నిజమైపోతుంది.

“మొదటిది శుభ్రంగా ఉంది,” అన్నాడు. స్లైడు జరిపే చిన్న చప్పుడు వినిపించింది, ఒకసారి, ఇంకోసారి, మళ్ళీ వెనక్కి. “తర్వాతదంతా ఒకరిదేగా? మచ్చలు. నాలుగోదాకా ఉంది. ఇవాళ నీతో పేచీ లేదక్కా, నాకూ కనపడుతోంది.” తల ఎత్తకుండానే, “ఎవరో పాపం,” అన్నాడు. “ఎవరిది?”

“నాది,” అంది.

అతను తలెత్తాడు. చీకట్లో మొహం కనపడలేదు, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్న చప్పుడు తెలిసింది, చీకట్లో కళ్ళజోడెందుకో. “అదేంటి. ఉండు. కంగారుపడకు, ఇదొక్కటే చూసి...”

“ఆ మాట నీకు నేర్పింది నేనేగా,” అంది. గొంతు బాగానే పలికింది. ఆ బాగుండడంతో ఇంకా మాట్లాడింది. “పాతదింక చుక్క లేదు. రేపటికి వేరే రక్తం కావాలి, లేకపోతే రేపటి పేషెంట్లందరూ ఆగిపోతారు. కొత్తగా చేరిన పిల్లల్లో ఎవరినైనా అడుగుదాం. ఒకరిద్దరిది తీసుకుని ముందు చూడాలి, ఊరికే మొహం చూసి తీసేసుకోకూడదు, ఈసారి నాలుగేళ్ళు అట్టే పెట్టకుండా ఏడాదికోసారి...”

“అక్కా.” అతను అడ్డొచ్చాడు. ఎప్పుడూ మాటకి మాట అప్పజెప్పేవాడు, ఇప్పుడు గొంతు తగ్గించాడు. “రేపటి సంగతి నేను చూస్తా. నీకెక్కడ నొప్పి?”

ఎక్కడా లేదు అనబోయింది. ఆ మాట నాలిక చివరే ఉంది, రోజూ వాడే మాట, నోరు తెరిస్తే దానంతటదే వస్తుంది. నోరు తెరిచింది. “పొద్దున్నే వేళ్ళు ముడుచుకోవు,” అంది. అన్నాక ఆశ్చర్యపోయింది, తన గొంతేనా అని.

“ఎన్నాళ్ళనుంచి?”

“ఏమో. ఏడాది. కాదు, ఇంకా ఎక్కువే.”

“ఇంకా?”

ఇంకానా. ఇంకా ఏముంది. ఆమె బల్ల అంచు పట్టుకుంది. నోట్లో పుళ్ళు, మానితే మళ్ళీ వస్తాయి, అందుకే ఇంట్లో అందరికీ కారం తగ్గించేసి వాళ్ళకి మంచిదని చెప్పింది. దువ్వెన నిండా జుట్టు, ఆయన చూడకుండా ఉండ చుట్టి చెత్తలో వేస్తుంది. మధ్యాహ్నం ఎండలో నడిస్తే రాత్రికి జ్వరం, అందుకే గొడుగు, గొడుగెందుకని అడిగితే నల్లబడతానని నవ్వింది. మేడమెట్లు ఎక్కుతూ మధ్యలో కూర్చుంటుంది, ఎవరైనా వస్తుంటే చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు వంగుతుంది. ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి, వాటిలో సగం తనకి తను కూడా ఎప్పుడూ చెప్పుకోనివి, వరసా క్రమమూ లేకుండా, ఏది ముందో ఏది వెనకో తెలియకుండా. అతను ఒక్కదానికీ అయ్యో అనలేదు. ఆమె ఆగినప్పుడల్లా, “ఇంకా?” అని మాత్రం అన్నాడు.

“ఇంకా ఏం లేదు,” అని ఆమె స్టూలు కోసం చీకట్లో తడుముకుని కూర్చుంది. పక్కింటివాళ్ళ సంగతి చెప్తున్నట్టు నెమ్మదిగా, “భయంగా ఉందిరా,” అంది.